కోల రాయి గుట్టు

1981లో బ్రిటన్ యువరాణి డయానా ఎంచుకున్న నిశ్చితార్థపు ఉంగరంలో 12 క్యారెట్ల కోలాకారపు సింహళ నీలం, దాని చుట్టూ వజ్రాలు ఉన్నాయి. 2010లో అది ఆమె కొడుకు విలియమ్‌కు కాబోయే భార్య కేట్ వేలికి చేరాక అలాంటి ఉంగరం కావాలని అడగని ఊరు లేదేమో! కోల రాయి వేలిని పొడుగ్గా చూపిస్తుంది, మూలలు లేవు గనుక అంచులు విరుగుతాయన్న బెంగా తక్కువే. కొనేవాళ్ల మోజులో తప్పేమీ లేదు. కానీ కెంపులూ నీలాలూ ఇంతగా కోలగానే కనిపించడానికి అసలు కారణం సానపట్టేవాడి లెక్క. నీలాల ముడిరాళ్లు చాలావరకు పీపాలాగానో రెండు మొనల కండెలాగానో పొడుగ్గా పుడతాయి, కెంపులవి ఎక్కువగా బల్లపరుపు పలకల్లా ఉంటాయి. గుండ్రంగా కోస్తే ఎక్కువ రాయి పొడిగా పోతుంది, కోలగా కోస్తే బరువు మిగులుతుంది, అమ్మేదేమో క్యారెట్ల లెక్కన. బరువు మీద ఈ ఆశే ఒక్కోసారి రాయిని చెడగొడుతుంది. అడుగు లావుగా వదిలేస్తే మనం డబ్బు పోసిన బరువంతా ఉంగరం లోపల దాక్కుంటుంది, పైగా రంగు నల్లబారుతుంది. మరీ పలచగా కోస్తే వెలుగు తిరిగి కంటికి రాకుండా అడుగునుంచి జారిపోయి, నడుమ గాజుముక్కలా వెలవెలబోతుంది. వ్యాపారులు దాన్ని ‘విండో’ అంటారు. అలాంటి మూడు క్యారెట్ల రాయికన్నా తీరుగా కోసిన రెండు క్యారెట్లదే నాకు ముద్దు. విడి రాయిని అచ్చు కాగితం మీద పెట్టి పైనుంచి చూస్తే చాలు, నడుమ అక్షరాలు కనిపిస్తే బేరం మానేయొచ్చు. మనవాళ్లు నీలం కొనేముందు జాతకం చూపిస్తారు, పడుతుందో లేదోనని దిండు కింద పెట్టుకుని నిద్రపోతారు. ఆ కాగితం పరీక్ష మాత్రం ఎవరికీ గుర్తుండదు.