అరుగుమీఁది ముచ్చటలు: చేతులతో మాటలాడు జట్టు

మొన్న నల్లచెరువులో నొక పేరంటమునకుఁ బోయియుంటిమి. అచ్చట వినికిడి లేని యెనిమిదేండ్ల బాలిక తల్లికేదో చెప్పవలెనని వడివడిగాఁ జేతులు త్రిప్పుచుండెను. తల్లి సిగ్గుపడి చుట్టును జూచెను. అవ్వ “చేతులాడించొద్దే, నలుగురూ చూస్తాండారు” అని యా చిన్ని చేతులను దన యొడిలోఁ బట్టి యుంచెను. బిడ్డ చెప్పఁదలఁచినది చెప్పకయే నిలిచిపోయెను. ఇల్లు చేరినను మాకా చేతులే కనులఁ గట్టియున్నవి. కావున నీ మాసమున దూరదేశమందలి యొక చిన్న కళాశాల జట్టు సంగతి చెప్పెదము. ఆటకును అవ్వకును సంబంధమేమని సోదరీమణులు తొందరపడవలదు.

అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున గాలడెట్ విశ్వవిద్యాలయమని బధిరుల కొఱకు వెలసిన విద్యాలయము గలదు. అది 1857లోఁ జిన్న పాఠశాలగాఁ బుట్టి, 1864లో నధ్యక్షుఁడు లింకను చేవ్రాలుతోఁ బట్టములిచ్చు నధికారమును బొందెను. దాని తొలి యధిపతియగు ఎడ్వర్డు గాలడెట్టుగారి తల్లి సోఫియాకుఁ బుట్టుకతోనే వినికిడి లేదు. భర్త గతించిన పిదప నామె కుమారునితోఁ గూడ వచ్చి, యచ్చటి పిల్లల యోగక్షేమములు చూచుకొనెను. తల్లి చేతుల భాషను జూచుచుఁ బెరిగిన కొడుకున కా భాషయెడ సిగ్గుండునా?

అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన బాలురు కాలితోఁ దన్ను బంతియాట కాదు. అది మన చెడుగుడునకుఁ గొంత దగ్గఱ. పక్షమునకుఁ బదునొకండుగురు. ఇరువైపుల మొనదేలిన బంతిని జంకఁ బెట్టుకొని యొకఁడు ముందునకుఁ జొచ్చుకొని పోవును. ఎదుటివారు పట్టి పడవేయుదురు. నాలుగు ప్రయత్నములలోఁ బది గజములు సాగవలెను. లేనిచో బంతి పరులపాలగును. చెడుగుడులోఁ గూఁత యెట్లో, యిందు నాయకుని కేక యట్లు. అది విని జట్టు కదలును. వినలేనివారు మఱి యెట్లాడుదురు? బంతి కదలుటను గంటఁ జూచి కదలుదురు. ఎత్తుగడలను జేతులతోఁ జెప్పుకొందురు.

ఇందొక చిక్కు గలదు. ఎదుటి జట్టువారును బధిరులైనచో వీరి సైగలు వారికిఁ దెలిసిపోవును. అందుచేత 1894లో గాలడెట్ నాయకుఁడు పాల్ హబ్బర్డు తనవారిని వలయముగా నిలిపి, యా నడుమ సైగలు చేసెనని చెప్పుదురు. నేఁడు వినికిడి గల జట్లును ఎత్తునకు ముందు తలలు చేర్చి గుమిగూడుట మనము చిత్రములలోఁ జూచుచున్నాము. లోకము లోటనుకొన్న చోటనుండియే లోకమున కొక విద్య వచ్చెను.

ఈ జట్టునకు గెలుపోటములు రెండును దెలియును. 2013లోఁ బది పందెములలోఁ దొమ్మిది గెలిచి, చిన్న కళాశాలల జాతీయపు పోటీలకుఁ దొలిసారిగాఁ బోయి, యచ్చట హోబర్టు కళాశాల చేతిలో నోడెను. 2023లో మాత్రము అక్టోబరు వచ్చువఱకును గెలుపే లేదు. వినికిడి గల జట్లు గట్టునుండి గురువు వేయు కేక విని యెత్తు మార్చుకొనును. వీరు తల త్రిప్పి గురువును జూడవలెను. ఆ నెల 7వ తేదీన హిల్బర్టు కళాశాలతో నాడునపుడు, నాయకుని శిరస్త్రాణమునఁ గంటి యెదుట నొక చిన్న యద్దము నమర్చిరి. గురువు పలకవంటి యంత్రమున నొక్కిన యెత్తు పేరు 5జీ తరంగములతో వచ్చి యందుఁ గానవచ్చెను. ఆనాఁడే యా యేఁటి తొలి గెలుపు! అయినను గెలుపంతయు యంత్రముదే యనరాదు. యంత్రము తెచ్చినది రెండు మాటలు. ఆ మాటలను బదునొకండుగురకుఁ బంచినవి చేతులే.

ఆ చేతులనే పెద్దలు చాలకాలము కట్టివేసిరి. 1880లో మిలాను నగరమునఁ గూడిన బధిరవిద్యా సభవారు పాఠశాలలలో సైగలు తగవనియు, నోటిమాటయే నేర్పవలెననియుఁ దీర్మానించిరి. ఆ తీర్మానమును 2010లో వాంకూవరు సభవారు త్రోసిపుచ్చి విచారము దెలిపిరి. నడుమ 130 ఏండ్లు! మన మందుకు నవ్వఁ బనిలేదు. కూచిపూడి యాటలో నర్తకి హస్తములు పట్టినపుడు కనులార్పక చూచి భావము గ్రహింతుము. మన యింటి బిడ్డ యదే చేతితో నాఁకలి యని చెప్పఁబోయిన సిగ్గుపడుదుము.

మన దేశమున భారతీయ సంకేత భాషకై 2015లో ఢిల్లీయం దొక సంస్థ యేర్పడెను. 2021లో నా భాష సార్వత్రిక విద్యలో నొక పాఠ్యవిషయమయ్యెను. వైద్యునకుఁ జూపి చెవికి యంత్రము పెట్టించుట మంచిదే. నోటిమాట నేర్పుటయు మంచిదే. అవి ఫలించుదాఁక బిడ్డ మాట లేక యుండవలసిన పనిలేదు. అన్నము, నీళ్లు, నొప్పి, భయము: వీనికైన సైగలు తల్లియుఁ దండ్రియు నవ్వయు నేర్చుకొనవలెను. ఆడుబిడ్డ విషయమున నిది మఱియు ముఖ్యము. ఎవఁడైనఁ జెడుగా నడచుకొన్న నామె యెవరితోఁ జెప్పుకొనును? వినువారు లేరని తెలిసిన బిడ్డ చెప్పుటయే మానివేయును.

వచ్చు శుక్రవారము మే మా యింటికి మరలఁ బోవనున్నాము. అవ్వను దూఱము, ఆమెయుఁ బ్రేమచేతనే పట్టుకొన్నది. ఆ బాలిక ప్రక్కఁ గూర్చుండి, ఆనాఁడు చెప్పఁబోయిన దేమో యడిగి, యొక సైగ మేమును నేర్చుకొని వత్తుము. ఇట్టి బిడ్డలు గల సోదరీమణులు తమ యింట వాడు సైగలను మాకు వ్రాసి పంపినచోఁ బై సంచికలోఁ బొందుపఱచెదము.