విడదీసిన బండి మళ్లీ బండవుతుందా?

మా శ్రీనగర్ కాలనీలో పాత ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇవ్వాలనుకోగానే ముందు అడ్డం వచ్చేది షెడ్డులోని పాత కారే. మా ఇంట్లో మామయ్యగారి ఫియట్ ఉంది. "విడిగా అమ్మితే ఎక్కువొస్తుంది వదినా, లైట్లు ఒకరికి, డోర్లు ఇంకొకరికి" అంటాడు మా మరిది. నేను వద్దంటున్నాను.

పాడైన బండి బాగుపడదని కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి చేయించుకున్నారు. 1911లో ఆయన పోయారు, బండి కొడుక్కి దక్కింది. వెనక సీటు సింహాసనమే! తర్వాత మూలపడినా, బాగుచేసి నిలబెట్టారు. మిగతావాటికి ఆ అదృష్టం లేదు. 1967లో ముకర్రం జా నిజాం అయ్యేసరికి గ్యారేజీలో 60 కార్లుంటే నడిచేవి నాలుగేనని రచయిత విలియం డాల్రింపుల్ రాశారు.

రేకు కొట్టించుకోవచ్చు, సీట్లు కుట్టించుకోవచ్చు, చిన్నాచితకా పార్టులు లేతు మీద చేయించుకోవచ్చు. చేయించుకోలేనివి రెండే: చాసిస్, దాని మీది నంబరు. 2021లో వచ్చిన కేంద్రం నిబంధనలూ అదే చెప్తాయి. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు. అదీ పదేళ్లకే, రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు.

మన భాషలో చెప్పాలంటే, అమ్మమ్మ కాసులపేరులో రెండు కాసులు పోతే వేయించుకుంటాం, అది అమ్మమ్మదే. మొత్తం కరిగించి చేయిస్తే బరువు అదే ఉంటుంది గానీ అమ్మమ్మది కాదు. నాలుగు బండ్ల ముక్కలు అతికి తయారైనదాన్ని అసలుదని అమ్మడం మోసమే.

"ఇంటి ఖర్చులకే కటకటగా ఉంటే దీనికి లక్షలు పోస్తామా?" అంటారు. పోయొద్దు. పిల్లల ఫీజుల ముందు ఏ కారూ గొప్పది కాదు. కానీ బాగుచేయించకపోవడం వేరు, విడదీయడం వేరు. మొదటిదానికి రేపు ఆశ ఉంటుంది, రెండోదానికి ఉండదు. వాన తగలకుండా కప్పి, ఆర్‌సీ పుస్తకం బీరువాలో పెడితే చాలు. అమ్మక తప్పకపోతే, నాలుగు డబ్బులు తక్కువొచ్చినా, నిలబెట్టుకునేవాళ్లకి మొత్తంగా ఇవ్వండి.

మీ షెడ్డులోనూ ఒకటుంటే, పాత ఇనుము బండివాణ్ణి పిలిచేముందు ఆ చాసిస్ నంబరొకసారి చూడండి.