కుక్కతో తిరిగొచ్చినవాళ్లకి మన వేదిక ఇవ్వాల్సిందే

పోస్టు పొడుగైంది, ఏమీ అనుకోకండి. ఆదివారం కార్యవర్గం కూర్చునేలోపు ఓపిక చేసుకుని చదవండి.

మూడు రోజులుగా మన బరంపురం గ్రూపులో నడుస్తున్న వేళాకోళం అందరూ చూశారు. ఎడ్మంటన్‌లో ఉంటున్న మా మేనకోడలు, అల్లుడు మొన్న వేసవిలో తమ కుక్కని వెంటబెట్టుకుని క్యాంపర్ వ్యాన్‌లో కెనడా ఉత్తరపు కొస దాకా వెళ్లొచ్చారు. సంక్రాంతికి ఇక్కడికి వస్తున్నారు కదా, మన సంబరాల్లో ఒక అరగంట ఫొటోలు చూపించి మాట్లాడమందాం అన్నాను. అంతే! "పిల్లల్ని కనాల్సిన వయసులో కుక్కతో ఊరేగింపా?" అని ఒకరు. "ఆ డబ్బుతో రెండుసార్లు కాశీ వెళ్లొచ్చు" అని ఇంకొకరు. "దానికీ మన సంఘానికీ ఏమిటి సంబంధం?" అని పెద్దాయన ఒకరు.

పిల్లల సంగతి ఆ మొగుడూపెళ్లాలది. సంఘం బైలాల్లో ఆ అంశం లేదు.

కాశీ ఎత్తారు కాబట్టి ఒక మాట. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగారు. ప్రతి మజిలీలోనూ దారి ఎలా ఉంది, నీళ్లు దొరుకుతాయా, అక్కడి మనుషులు ఎలాంటివాళ్లు అని రాసుకున్నారు. కాశీ వెళ్లినవాళ్లు లక్షలమంది. ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకోవడానికి కారణం, చూసింది నలుగురికీ చెప్పడం. ఆయనా మనలాగే ఆంధ్రదేశం బయట బతికిన తెలుగువాడే.

ఇక మూడో ప్రశ్న. సంబంధం ఉంది. వాళ్లు నాకు ఫోన్లో చెప్పిందే చెబుతాను, మీరే తేల్చండి.

ఎడ్మంటన్ నుంచి ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఉన్న టుక్టోయాక్టుక్‌కి, వెళ్లడానికే మూడు వేల కిలోమీటర్ల పైన. దారిలో వాట్సన్ లేక్ అనే ఊళ్లో బోర్డుల అడవి ఉంది. 1942లో అలాస్కా హైవే వేస్తున్నప్పుడు ఇంటిమీద బెంగపడిన ఒక అమెరికన్ సైనికుడు తన ఊరి పేరు రాసి పలక కొట్టాడట. ఇవాళ అక్కడ వేలకొద్దీ ఊళ్ల పేర్లున్నాయి. మావాళ్లు చెక్కముక్క మీద "బరంపురం" అని తెలుగు అక్షరాల్లో రాసి మేకు కొట్టి వచ్చారు. మన బజారులో ఆ నాలుగు అక్షరాల బోర్డులు ఎన్నున్నాయో ఈ సాయంత్రం కూరలకి వెళ్లినప్పుడు లెక్కపెట్టండి.

డాసన్ సిటీ దగ్గర డెంప్‌స్టర్ హైవే మొదలవుతుంది. ఇనువిక్ దాకా 740 కిలోమీటర్లు, దాదాపు అంతా కంకర రోడ్డే. కింద నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది. తవ్వితే కరిగి కుంగిపోతుందని, తవ్వకుండా పైన మందంగా కంకర పోసి వేశారు. సగం దారిలో ఈగిల్ ప్లెయిన్స్ వచ్చేదాకా పెట్రోలు దొరకదు. అందుకే రెండు స్పేరు టైర్లు, డబ్బాల్లో పెట్రోలు పట్టుకెళ్లారు. ఒక రాత్రి కుక్క గుర్రుమంటూనే ఉంది, వీళ్లు తలుపు తీయలేదు. పొద్దున్న చూస్తే వ్యాను పక్కన ఎలుగుబంటి అడుగులు. ఆ కుక్క ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఆ రోడ్డు పేరు వెనక ఒక కథ ఉంది. 1910 డిసెంబరులో ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ నుంచి డాసన్‌కి నలుగురి పోలీసు దళం కుక్కబళ్ల మీద బయల్దేరింది. తొందరగా చేరాలని తిండి సామాను తగ్గించుకున్నారు. దారి తెలిసిన స్థానిక గ్విచిన్ మనిషి కొన్నాళ్లు ముందు నడిచాడు. ఇక చాల్లే అని పంపేశారు. ఆ తర్వాత దారి తప్పారు, ఆకలికి తమ కుక్కల్నే చంపి తిన్నారు, నలుగురూ పోయారు. వాళ్ల శవాలు కనిపెట్టినవాడు డెంప్‌స్టర్. అతను గ్విచిన్ మనిషిని వెంటబెట్టుకుని మరీ వెళ్లాడు. ఆ నేల గురించి తెలిసినవాణ్ని కాదనుకుంటే ఏమవుతుందో ఇంతకంటే చెప్పాలా?

ఉత్తరాదిలో కుక్క షోకు కాదు. నునావిక్‌లో 1950, 60ల్లో ఇనూయిట్‌ల బండికుక్కల్ని వేటాడి చంపినందుకు కెనడా ప్రభుత్వం 2024లో వాళ్ల ఊరికి వెళ్లి క్షమాపణ చెప్పింది, పరిహారం ఇచ్చింది. కుక్కలు పోతే వేట పోయింది, ప్రయాణం పోయింది, బతుకే పోయింది.

పీల్ నది దగ్గర వంతెన లేదు, బల్లకట్టే. నీరు పెరిగి ఒక రోజంతా ఆగిపోయారు. అక్కడే ఆగిన ఒక గ్విచిన్ అవ్వ ముందు కుక్కని పలకరించి, తర్వాత వీళ్లని పలకరించింది. ఎండుచేప పెట్టింది. "మాసీ చో" అంటే ధన్యవాదాలని నేర్పింది. ఆ భాష మాట్లాడేవాళ్లు కొన్ని వందలమంది. అయినా ఆ వాయవ్య ప్రాంతంలో అధికార భాషలు 11, అందులో తొమ్మిది ఆ నేల మీద పుట్టినవే. టుక్టోయాక్టుక్‌కి పైవాళ్లు పోర్ట్ బ్రబాంట్ అని పేరు పెడితే, ఊరివాళ్లు 1950లో తమ పేరు తాము తిరిగి తెచ్చుకున్నారు.

అంతా బాగుందని నేననను. "చట్టంలో నా భాష ఉంది, నా మనవరాలి నోట్లో లేదు" అందట అవ్వ. చిన్నప్పుడు హాస్టల్ బడిలో తన భాష మాట్లాడితే దెబ్బలు పడేవట. మనల్ని ఎవరు కొట్టారు? 1936లో గంజాం ఒడిశాలో కలిసింది, సరే. ఇంట్లో పిల్లలతో తెలుగు మానెయ్యమని ఏ ప్రభుత్వం చెప్పింది? కుక్కని వెక్కిరించిన ముగ్గురిలో ఇద్దరి మనవలకి తెలుగు చదవడం రాదు. పేర్లు చెప్పను, వాళ్లకే తెలుసు.

ఒక్క విమర్శ మాత్రం ఒప్పుకుంటాను. అంత దూరం పెట్రోలు కాల్చడం గొప్ప కాదు. అక్కడ గడ్డకట్టిన నేల కరుగుతోంది, టుక్టోయాక్టుక్ తీరాన్ని సముద్రం కోసేస్తుంటే కొన్ని ఇళ్లు వెనక్కి జరిపారు. ఈ మాట మా అమ్మాయే అంది. సభలో అదీ చెప్పమందాం.

కార్యవర్గానికి నా విన్నపం ఇంతే. పోయిన సంక్రాంతికి శాలువాలకీ జ్ఞాపికలకీ రెండు గంటలు పట్టింది. అందులో అరగంట తగ్గించండి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. మావాళ్లకి శాలువా వద్దు, మైకు చాలు. కుక్క ఎడ్మంటన్‌లోనే ఉంటుంది, కంగారు పడకండి.

ఇట్లు,
మీ పాత సభ్యుడు