వంద మందికే కార్డు - ఇది న్యాయమేనా?

2025 గోల్ఫ్ సీజన్ రికార్డు పుస్తకాల్లో రోరీ మెకల్‌రాయ్, స్కాటీ షెఫ్లర్‌ల ఏడాదిగా నిలిచిపోతుంది. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కానీ 2026 సీజన్ నుంచి అమెరికాలోని పీజీఏ టూర్ తెచ్చిన ఒక మార్పును దృష్టిలో పెట్టుకుంటే, ఆ ఏడాదిలో గుర్తుంచుకోవలసిన వారు మరికొందరు ఉన్నారు.

ఆ మార్పు ఇది. అంతవరకు సీజన్ చివర పాయింట్ల పట్టికలో మొదటి 125 స్థానాల్లో నిలిచిన వారికి మరుసటి ఏడాదికి పూర్తి స్థాయి కార్డు దక్కేది. ఆ సంఖ్యను 100కు తగ్గించారు. 2024 నవంబరులో తీసుకున్న ఈ నిర్ణయం 2025 ఫలితాలతోనే అమలుకు వచ్చింది. పాతిక మంది ఒక్క గీతతో గట్టు అవతల పడ్డారు. వారికి షరతులతో కూడిన అవకాశం ఉంటుంది గాని, ఏ వారం పిలుపు వస్తుందో, ఏ వారం రాదో తెలియదు.

గోల్ఫ్ తెలియని వారి కోసం ఒక మాట చెప్పాలి. ఇది కర్రతో చిన్న బంతిని కొడుతూ దూరాన ఉన్న గుంటలో వేసే ఆట. అలాంటి గుంటలు 18 ఉంటాయి. సాధారణంగా గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు, రోజుకొక చుట్టు ఆడతారు. అందరికంటే తక్కువ దెబ్బల్లో ముగించినవాడే విజేత. మామూలు పోటీల్లో రెండు రోజులు గడిచేసరికి సగానికి పైగా ఆటగాళ్ళు ఇంటిదారి పడతారు. వారికి బహుమతి సొమ్ములో వాటా లేదు. ప్రయాణం, బస, బ్యాగు మోసే సహాయకుని జీతం మాత్రం ఎవరి జేబులోంచి వారే పెట్టుకోవాలి. క్రికెట్ ఆటగాడికి ఉన్నట్లు వెనుక జట్టు ఉండదు.

అందుకే కార్డుకు అంత విలువ. కార్డు ఉంటే పోటీల్లో చోటు దొరుకుతుంది. పైగా పూర్తి కార్డు ఉన్నవారు కనీసం 15 పోటీలు ఆడితే ఏడాదికి 5 లక్షల డాలర్లకు తగ్గకుండా చూస్తామని టూర్ 2022లో భరోసా ఇచ్చింది. కార్డు ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య కాలువ కింది సేద్యానికీ వాన మీద ఆధారపడ్డ సేద్యానికీ ఉన్నంత తేడా ఉంది.

టూర్ వాదన కూడా వినవలసిందే. 156 మంది బరిలో దిగితే పొద్దుగూకేలోగా ఆట పూర్తికావడం లేదు. మిగిలిన ఆట మర్నాటి ఉదయానికి వాయిదా పడుతోంది. అందుకని పోటీదారులను 144కు, పగటి వేళ తక్కువగా ఉండే నెలల్లో ఇంకా తక్కువకు కుదించారు. చేతిలో కార్డు ఉండీ పోటీలో చోటు దొరకని వారు ఉన్నప్పుడు ఉత్త కార్డులు పంచి ప్రయోజనమేమిటని వారు అడుగుతున్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే కోత అంతా కింది వరుసకే ఎందుకు పడాలి? ఒక్కొక్కటి 2 కోట్ల డాలర్ల బహుమతి సొమ్ముతో 2025లో ఎనిమిది ప్రత్యేక పోటీలు జరిగాయి. వాటిలో ఆడేది సుమారు 70, 80 మందే. ఆ ఎనిమిదింటిలో అయిదింటికి రెండు రోజుల తర్వాత ఇంటికి పంపే పద్ధతే లేదు. ఆఖరున నిలిచినా సొమ్ము చేతికి వస్తుంది. పైవరుసకు పరుపు వేసి, కింది వరుస కాళ్ళ కింద చాప లాగడం సబబుగా లేదు.

కింది వరుస నుంచి ఎలాంటివారు పైకి వస్తారో తెలుసుకోవాలంటే 2025 జూన్‌లో జరిగిన అమెరికా ఓపెన్ చూస్తే చాలు. విజేత జె.జె. స్పాన్. అప్పటికి వయసు 34. ఆయనకు వచ్చిన మధుమేహం ఏ రకమో తొలుత తప్పుగా తేల్చడంతో సరైన చికిత్స అందక కొన్నేళ్ళు ఆట దెబ్బతింది. 2024 మధ్యలో ఇక తన కార్డు ఊడినట్లేనని అనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. సరిగ్గా ఏడాది తర్వాత ఓక్‌మాంట్ మైదానంలో చివరి రోజు మొదటి 6 గుంటల్లో ఐదింట దెబ్బ తిన్నాడు. అంతలో పెద్ద వాన కురిసి గంటన్నర సేపు ఆట నిలిచింది. ఆ వాన స్పాన్ పాలిట మంచి అదనున కురిసిందనాలి. తిరిగి మైదానంలోకి వచ్చినవాడు వేరే మనిషిలా ఆడాడు. ఆఖరి గుంట వద్ద 64 అడుగుల దూరం నుంచి బంతిని నేలవారగా దొర్లించి గుంటలో వేసి రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. ఆ నాలుగు రోజుల మొత్తానికి మైదానం నిర్ణయించిన లెక్క కంటే తక్కువ దెబ్బల్లో ముగించినవాడు ఆయన ఒక్కడే.

టామీ ఫ్లీట్‌వుడ్ సంగతి వేరు. కార్డు పోతుందన్న భయం ఈ ఇంగ్లండ్ ఆటగాడికి లేదు. యూరప్‌లో ఎన్నో గెలిచాడు. కానీ పీజీఏ టూర్‌లో మాత్రం 163 పోటీలు ఆడినా ఒక్క విజయం లేదు. 2025 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి గెలుపు చేతిదాకా వచ్చి జారింది. అదే ఆగస్టులో అట్లాంటాలో జరిగిన టూర్ ఛాంపియన్‌షిప్‌లో, 164వ పోటీలో, గెలిచాడు. బహుమతి కోటి డాలర్లు. అక్టోబరులో ఢిల్లీ వచ్చి ఇండియా ఛాంపియన్‌షిప్ కూడా గెలుచుకుపోయాడు. గెలిచిన తండ్రి దగ్గరకు మైదానంలోకి పరుగెత్తాలన్న తన చిన్న కొడుకు కోరిక ఢిల్లీలో తీరింది.

ఇక తెలుగువారికి దగ్గరవాడు సాహిత్ తీగల. తల్లిదండ్రులది హైదరాబాదు. పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. 2023 సెప్టెంబరులో మొదటి టూర్ విజయం అందుకున్నాడు. 2024లో టూర్ ఛాంపియన్‌షిప్‌లో మూడో స్థానంలో నిలిచాడు. ఆ పోటీ మూడో రోజున జరిగిన సంగతి మన ఊళ్ళలో ఇంకా చాలామందికి చేరలేదు. ఇసుకలో పడిన బంతిని కొట్టడానికి కర్ర వెనక్కి ఎత్తినప్పుడు అది ఇసుకను తాకింది. నిబంధన ప్రకారం అది తప్పు. ఎవరూ చూడలేదు. టీవీ కెమెరాల్లోనూ స్పష్టంగా తేలలేదు. ఇసుక కదిలినట్లు తనకు అనిపించిందని తానే అధికారిని పిలిచి చెప్పి, రెండు దెబ్బల శిక్ష వేయించుకున్నాడు. చివరకు రెండో స్థానానికి సరిగ్గా రెండు దెబ్బల దూరంలోనే ఆగిపోయాడు. ఆ శిక్ష లేకుంటే రెండో స్థానం పంచుకునేవాడు. నష్టం 25 లక్షల డాలర్లు. అంటే అప్పటి లెక్కన 20 కోట్ల రూపాయలకు పైమాటే. గట్టు తగాదాలో జానెడు నేల కోసం ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కేవారు ఒక్కసారి ఆలోచించవలసిన విషయమిది.

ఆ మనిషికే 2025 కలిసిరాలేదు. మెడ గాయం వారాల తరబడి ఆటకు దూరం చేసింది. ముందటి ఏడు మూడో స్థానంలో ఉన్నవాడు ఆగస్టు ప్లేఆఫ్‌లకు అర్హత పొందే 70 మందిలో కూడా లేకపోయాడు. గాయపడిన వారికి టూర్ కొంత సడలింపు ఇస్తుంది. అది మంచి నియమమే. కానీ గాయానికి సర్టిఫికెట్టు ఉంటుంది గాని, మనసు కుంగి ఆట తప్పిన ఏడాదికి సర్టిఫికెట్టు ఎక్కడ దొరుకుతుంది? స్పాన్ వంటివారికి కావలసింది ఇంకొక్క ఏడాది గడువు. 125 నుంచి 100కు దించినప్పుడు పోయింది ఆ గడువే. కనీసం 101 నుంచి 125 వరకు ఉన్నవారికి ఏడాదిలో ఇన్ని పోటీలని ముందే ఖాయం చేయడానికి టూర్‌కు అడ్డేమీ లేదు. ఒక పెద్ద పోటీ సొమ్ములో కొంత తగ్గిస్తే ఆ ఖర్చు వెళ్ళిపోతుంది.

పైవరుస వారి గురించి బెంగపడనక్కరలేదు. మెకల్‌రాయ్ 2025 ఏప్రిల్‌లో అగస్టాలో మాస్టర్స్ గెలిచి, నాలుగు పెద్ద టోర్నమెంట్లూ గెలిచిన ఆరో ఆటగాడయ్యాడు. అంతకు ముందరి పెద్ద గెలుపు 2014లో. షెఫ్లర్ 2024 క్రిస్మస్ నాడు వంటింట్లో గాజు గుచ్చుకుని చేయి కోసుకున్నా, 2025లో ఆరు టైటిళ్ళు గెలిచాడు. వాటిలో రెండు పెద్దవి. ఆయనకు దక్కనిది అమెరికా ఓపెన్ ఒక్కటే మిగిలింది. 2026లో దానికి వేదిక న్యూయార్క్ రాష్ట్రంలోని షినెకాక్ హిల్స్. చివరి రోజు జూన్ 21, ఆయన 30వ పుట్టినరోజు. జులైలో బ్రిటిష్ ఓపెన్ రాయల్ బర్క్‌డేల్‌కు వస్తుంది. అది ఫ్లీట్‌వుడ్ పుట్టిన సౌత్‌పోర్ట్ ఊళ్ళోనే ఉంది.

2026 సీజన్‌కు మొదట్లోనే ఒక లోటు వచ్చింది. ఏటా జనవరి ఆరంభంలో హవాయి దీవుల్లోని కపాలువాలో జరిగే పోటీని నీటి ఎద్దడి కారణంగా రద్దు చేశారు. పచ్చిక ఎండిపోయింది. బోర్లకు నీరందని ఊళ్ళవారికి ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు. అది కూడా గతేడాది గెలిచినవారికీ పై 50 మందికీ కేటాయించిన పోటీయే కనుక కార్డు అంచున ఉన్నవారికి దానివల్ల పోయేదేమీ లేదు. వారి అసలు పరీక్ష శరత్కాలపు చిన్న పోటీల్లో, నవంబరులో జార్జియా తీరాన జరిగే ఆఖరి పోటీలో ఉంటుంది. ఆ ఆదివారం సాయంత్రం టీవీవాళ్ళు విజేతను చూపిస్తారు. పట్టికలో 100వ పేరు, 101వ పేరు ఎవరివో చూసేవారు మాత్రం ఆ ఇద్దరి ఇళ్ళల్లోనే ఉంటారు.