ఉగాది లేని సంవత్సరం

2023-24లో ఉగాది రాలేదు. పాఠకులు కంగారు పడవద్దు. పంచాంగకర్తలు మన పండుగను ఎత్తివేయలేదు, వేపచెట్లు పూత మానలేదు. నేను చెబుతున్నది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగిసే ఆర్థిక సంవత్సరం సంగతి. 2022లో ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. 2023లో మార్చి 22న వచ్చింది. ఆ రెండూ 2022-23 ఖాతాలోకే వెళ్ళాయి. తరువాతి ఉగాది 2024 ఏప్రిల్ 9న. అంటే 2023-24 ఖాతా పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా వెతికినా ఉగాది కనిపించదు. ఆ మరుసటి సంవత్సరం మళ్ళీ రెండు: 2024 ఏప్రిల్ 9 ఒకటి, 2025 మార్చి 30 ఒకటి.

కారణం మన పెద్దలకు తెలిసినదే. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు. ఇంగ్లీషు సంవత్సరం కన్నా పదకొండు రోజులు తక్కువ. అందుచేత పండుగలు ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తూ, అధిక మాసం పడినప్పుడు ఒక్కసారిగా ఇరవై రోజుల దాకా ఆలస్యమవుతాయి. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం రావటం వల్లనే 2024 ఉగాది ఏప్రిల్‌కు జరిగింది. ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. ఈ సంగతి తెలియని కంప్యూటరు మన దుకాణాల్లో కూర్చుని తీర్పులు చెప్పటం మొదలుపెట్టాకే ఇబ్బంది వచ్చింది.

బ్యాంకు ఉద్యోగం విరమించాక నేను బెంగళూరులో నాలుగైదు తెలుగు కుటుంబాల దుకాణాల లెక్కలు చూసిపెడుతుంటాను. ఇదివరకటి షావుకార్లు చిట్టా పుస్తకం తిరగేసి "పోయిన ఉగాదికి ఎంత అమ్మాం?" అని చూసేవారు. "పోయిన మార్చికి ఎంత?" అని అడిగినవారిని నేను చూడలేదు. ఇప్పటి వ్యాపార విశ్లేషణ సాఫ్ట్‌వేర్లలో "పోయిన ఏడు ఇదే కాలం" అని ఒక మీట ఉంటుంది. నొక్కగానే పెరిగితే ఆకుపచ్చ బాణం, తగ్గితే ఎర్ర బాణం. అది మార్చిని మార్చితో, 9వ తేదీని 9వ తేదీతో పోలుస్తుంది. దానికి అంతకు మించి ఎవరూ చెప్పలేదు మరి.

నాకు తెలిసిన ఒక కుటుంబానికి రెండు బట్టల దుకాణాలున్నాయి. ఒకటి తెలుగువారూ కన్నడిగులూ ఎక్కువగా ఉన్న పేటలో. రెండవది తమిళులు ఎక్కువగా ఉన్న చోట. మొదటి దుకాణం చూసుకునే తమ్ముడు పోయాక ఆయన భార్య దాన్ని నడుపుతున్నది. రెండవది పెద్దాయనా, ఆయన కొడుకూ చూస్తారు. 2024 ఏప్రిల్ 2న నన్ను పిలిచారు. మార్చి నెల రిపోర్టులో ఆమె దుకాణానికి ఎర్ర బాణం. అమ్మకం పోయిన మార్చి కన్నా పావు వంతుకు పైగా తక్కువ. తండ్రీకొడుకుల దుకాణం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆ నెలాఖరుకు ఆమె దుకాణం అద్దె ఒప్పందం తిరగరాయాలి. తిరగరాయకుండా వదిలేసి సరుకంతా రెండవ దుకాణానికి తరలిద్దామని అబ్బాయి ఆలోచన. ఆమె దగ్గర ఏడుగురు పనిచేస్తున్నారు. వారిలో ఇద్దరు ఆమె భర్త కాలం నుంచీ ఉన్నవారు.

"పిన్నీ, నా మాట కాదు. లెక్కలు అబద్ధం చెప్పవు కదా" అన్నాడు అబ్బాయి.

"లెక్కలు అబద్ధం చెప్పవు నాయనా. ఉగాదికి ఇంకా వారం రోజులుంది. ఆ మాట నీ కంప్యూటరుకు చెప్పావా?" అన్నది ఆమె. తరువాత పెద్దాయన వైపు తిరిగి, "బావగారూ, పండుగ వెళ్ళాక మీరు ఏది చెప్తే అది" అన్నది.

నిజానికి నేను ఆ రోజు చేసినదల్లా ఆమె మాటను కంప్యూటరుకు అర్థమయ్యేటట్టు చెప్పటమే. ఉగాది బట్టల కొనుగోళ్ళు వాళ్ళ దుకాణంలో పండుగకు మూడు వారాల ముందు మొదలవుతాయి. 2023లో ఆ కాలం మార్చి 1 నుంచి 22 దాకా, అంటే ఇరవైరెండు రోజులూ మార్చిలోనే. 2024లో అది మార్చి 19 నుంచి ఏప్రిల్ 9 దాకా. అందులో పదమూడు రోజులు మార్చివి, తొమ్మిది రోజులు ఏప్రిల్‌వి. బట్టలు ఎక్కువగా తెగేది చివరి వారంలో కనుక, ఆ తొమ్మిది రోజులే పండుగ బేరంలో పెద్ద భాగం. తమిళ సంవత్సరాది సౌరమానం ప్రకారం ఏప్రిల్ 14న వస్తుంది, రెండు సంవత్సరాల్లోనూ అప్పుడే వచ్చింది. అందుకే రెండవ దుకాణం కదలలేదు. అంతేగాని అక్కడ ఎవరో గొప్పగా నడిపారనీ, ఇక్కడ చెడగొట్టారనీ కాదు.

ఇక ఏర్పాటు ఎట్లా చేయాలో చెబుతాను. పిల్లలకు ఈ సాఫ్ట్‌వేర్లు బాగా తెలుసు కాబట్టి వారి చేత చేయించుకోవచ్చు.

అన్నిటికీ మూలం తేదీల పట్టిక. రోజుకు ఒక వరుస చొప్పున, మధ్యలో ఒక్క తేదీ కూడా పోకుండా రాసుకోవాలి. దుకాణం మూసిన రోజులకూ వరుస ఉండాలి. అమ్మకాల పట్టికలో ఉన్న తేదీలనే నమ్ముకుంటే సెలవు రోజులు జారిపోతాయి. పవర్ బీఐ వంటి వాటిలో ఈ పట్టికను తేదీల పట్టిక అని ప్రత్యేకంగా గుర్తు పెట్టాలి. మరొక జాగ్రత్త. "సంవత్సరం మొదలు నుంచి నేటి దాకా" అనే మొత్తం అడిగితే అది మామూలుగా జనవరి 1 నుంచి కూడుతుంది. మన సంవత్సరం మార్చి 31న ముగుస్తుందని ఆ ఫార్ములాలోనే చెప్పాలి. ఎక్సెల్ పివట్ టేబుల్ కూడా మూడు నెలల విభాగాలను జనవరి నుంచే లెక్కిస్తుంది. అక్కడ ఈడేట్ అనే ఫార్ములాతో తేదీని మూడు నెలలు వెనక్కి జరిపి, వచ్చిన దాని సంవత్సరం తీసుకుంటే మన ఆర్థిక సంవత్సరం దొరుకుతుంది.

ఆ పట్టికలో నేను రెండు నిలువు గడులు కలిపాను. ఒకదాని పేరు "ఉగాదికి రోజులు". పండుగ నాడు సున్న, ముందు రోజు మైనస్ 1, మూడు వారాల ముందు మైనస్ 21. రెండవది "ఏ ఉగాది": 2023దా, 2024దా అని. పివట్ టేబుల్‌లో మొదటి దాన్ని వరుసల్లోనూ, రెండవ దాన్ని నిలువు గడుల్లోనూ పెడితే చాలు. పండుగకు పది రోజుల ముందు అప్పుడెంత, ఇప్పుడెంత అనేది పక్కపక్కనే కనిపిస్తుంది. పెద్ద ఫార్ములాలేవీ అక్కరలేదు. టాలీ మాత్రమే ఉన్నవారికి ఇంకా తేలిక. అమ్మకాల రిపోర్టు తెరిచి మొదటి పండుగ తేదీలు ఇచ్చి, ఆల్ట్, సి కలిపి నొక్కితే కొత్త గడి అడుగుతుంది. దానికి రెండవ పండుగ తేదీలు ఇవ్వవచ్చు. నెలలకు కట్టుబడి ఉండమని అది బలవంతం చేయదు.

ఏప్రిల్ 10న మళ్ళీ కూర్చున్నాము. ఇరవైరెండు రోజులను ఇరవైరెండు రోజులతో పోలిస్తే చీరల అమ్మకం పోయిన ఉగాదితో ఇంచుమించు సమానంగా ఉంది. పిల్లల రెడీమేడ్లు మాత్రం నిజంగానే తగ్గాయి. ఆ తగ్గుదల మార్చి మొత్తం ఎర్రగా ఉన్నప్పుడు ఎవరికీ కనబడలేదు. ఆమెకు ఆ లెక్క నచ్చలేదు గానీ కాదనలేదు. అద్దె ఒప్పందం తిరగరాశారు. పిల్లల బట్టల అరలు సగానికి తగ్గించారు.

ఉగాది గొడవ ఇంత ఎక్కువ కావటానికి కారణం అది సరిగ్గా ఆర్థిక సంవత్సరం అతుకు మీద పడటం. దీపావళి అంత చిక్కు పెట్టదు. 2022లో అక్టోబరు 24, 2023లో నవంబరు 12, 2024లో అక్టోబరు 31, 2025లో అక్టోబరు 20. నెలతో నెలను పోలిస్తే తప్పుతుంది గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడు నెలలూ కలిపి చూస్తే పండుగ లోపలే ఉంటుంది. వినాయక చవితి 2022లో ఆగస్టు 31న పడింది. ఆ మరుసటి ఏడు సెప్టెంబరు మూడవ వారానికి పోయింది. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళు ఆ రెండు ఆగస్టులను పక్కపక్కన పెట్టుకుంటే గుండె ఆగినంత పని అవుతుంది. రంజాన్‌కు అధిక మాసం సర్దుబాటు లేదు కాబట్టి అది ఏటా ముందుకే వస్తుంది. 2023లో ఏప్రిల్ 22, 2024లో ఏప్రిల్ 11, 2025లో మార్చి 31. ముస్లిం ఖాతాదారులు ఎక్కువగా ఉంటే దానికి వేరే గడి పెట్టుకోవాలి. బరంపురంలో ఠకురాణీ యాత్ర రెండేళ్ళకొకసారి జరుగుతుంది. అక్కడి దుకాణదారు పోయిన ఏడుతో పోల్చి లాభం లేదు, అంతకు ముందటి ఏడుతో పోల్చుకోవాలి.

పెళ్ళి బట్టలు అమ్మేవారు ముహూర్తాల గడి కూడా పెట్టుకోవటం మంచిది. 2024 మే, జూన్ నెలల్లో మూఢం వల్ల ముహూర్తాలు లేవు. పట్టుచీరల అమ్మకం పడిపోయిందని అప్పుడు గుమాస్తాలను తిట్టి ప్రయోజనమేమిటి?

పండుగలు లేని నెలల్లో కూడా వారాలు లెక్కపెట్టాలి. 2023 మార్చిలో నాలుగు శనివారాలు, నాలుగు ఆదివారాలు. 2024 మార్చిలో అవి అయిదేసి. శని ఆదివారాలే బేరమున్న దుకాణానికి ఇది చిన్న తేడా కాదు. రోజును రోజుతో పోల్చదలిస్తే 365 రోజులు కాక 364 రోజులు వెనక్కి వెళ్ళమని చెప్పండి. అది సరిగ్గా యాభైరెండు వారాలు కనుక శనివారం శనివారంతోనే పోటీ పడుతుంది. నెల మధ్యలో చూసేవారు ఇంకొకటి గమనించాలి. ఈ నెలలో గడిచిన తొమ్మిది రోజులను పోయిన ఏటి పూర్తి నెలతో పోల్చే రిపోర్టులు నేను చాలా చూశాను. రెండు వైపులా తొమ్మిది రోజులకే పరిమితం చేయాలి.

పోల్చే సంవత్సరం మామూలుదో కాదో కూడా చూసుకోవాలి. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైనది ఆ రోజే. 2021 ఉగాదిని దానితో పోలిస్తే ఏ దుకాణమైనా కొండెక్కినట్టే కనిపిస్తుంది. పోయిన ఏటి అంకె సున్న అయితే శాతం అనేదే ఉండదు. అక్కడ ఖాళీ చూపమని చెప్పాలి. అట్లాంటప్పుడు నేను 2019తో పోలుస్తాను.

పన్ను కలిపిన మొత్తాలతో పోల్చవద్దని నా మనవి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ధర ఉన్న రెడీమేడ్ దుస్తులపై జీఎస్‌టీ 5 శాతమైంది. అంతకు ముందు వెయ్యి దాటితే 12 శాతం. రెండు వేల రూపాయల చొక్కా బిల్లు అప్పుడు 2,240, ఇప్పుడు 2,100. అదే చొక్కా, అదే లాభం, అయినా కంప్యూటరు ఆరు శాతం తగ్గిందంటుంది.

ముందు రాబోయేవి కూడా పట్టికలో ఇప్పుడే రాసిపెట్టుకోండి. 2026 ఉగాది మార్చి 19. ఆ ఏడు మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అందువల్ల 2027 ఉగాది ఏప్రిల్ 7న వస్తుంది, అంటే 2026-27 మళ్ళీ ఉగాది లేని సంవత్సరమే. 2028లో మార్చి 27 కాబట్టి 2027-28లో రెండు. సోలాపూరు, బరంపురం, హోసూరు, యానాం వైపు పాఠకులు తమ ఊళ్ళలో ఏ పండుగకు గల్లా పెట్టె నిండుతుందో, ఎన్ని రోజుల ముందు బేరం మొదలవుతుందో ఉత్తరం రాస్తే, అన్నీ కలిపి ఒక పట్టికగా వచ్చే సంచికలో వేస్తాను.