మిద్దె యింటి సొగసు

గృహాలంకరణ అనగానే మనవారికి పట్టణపు దుకాణాలలో అద్దాల వెనుక మెరిసే సోఫాలు, పాలిష్ పట్టిన మంచాలు, ప్లాస్టిక్ పూలగుత్తులు స్ఫురిస్తాయి. అది ధనికుల వ్యవహారమనీ, పాత మిద్దెయిండ్లలో కాపురముండే మనబోటివారికి దానితో నిమిత్తం లేదనీ ఒక అభిప్రాయం బలంగా నాటుకొని ఉన్నది. ఆ అభిప్రాయం సరికాదని నా మనవి. అంతేకాదు, దానివలన పలనాటి సామాన్య కుటుంబాలు అనవసరంగా అప్పులపాలవుతున్నాయని కూడ నా నమ్మకం.

ఈ ప్రసంగం విద్యార్థులకెందుకని కొందరడుగవచ్చు. అటకమీది భోషాణాన్ని అమ్మివేయమని తండ్రిని తొందరపెట్టేది ఎవరు? మట్టిగోడకు సిమెంటు పూయించమని పట్టుబట్టేది ఎవరు? స్నేహితుణ్ణి గడప దాటి లోనికి పిలువడానికి సిగ్గుపడి వీథిలోనే మాట్లాడి పంపివేసేది ఎవరు? చదువుకొన్న పిల్లలే. కనుక ముందుగా వారితోనే మాట్లాడవలసి ఉన్నది.

గురజాల, మాచర్ల, కారెంపూడి ప్రాంతాలలోని పాత మిద్దెను ఒకసారి నిదానంగా పరికించండి. మందమైన గోడలు, కలప దూలాలు, వాటిపై మట్టికప్పు, క్రింద నాపరాళ్ళ పరుపు. గోడలో దీపానికొక గూడు, పుస్తకాలకొక గూడు. బట్టలు తగిలించుకోవడానికి చిలుకకొయ్యలు. వీథివైపు అరుగు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మన పొరుగుననే ఉన్నది కదా. ఆ యెండ సంగతి ఎరిగిన చేతులు కట్టిన యిల్లు ఇది. సగం సామాను గోడలోనే అమర్చి మనకప్పగించారు. మనమేమో ఆ గూళ్ళకు అడ్డంగా ఇనుప బీరువా నిలబెట్టి, పుస్తకాలు పెట్టుకోవడానికి చోటు లేదని వాపోతున్నాము. అలంకరణలో మొదటి పని కొనడం కాదు, అడ్డు తీయడం. దానికి పైసా ఖర్చు లేదు.

రెండవది గోడ. పిడుగురాళ్ళ సున్నం ఎన్నో ఊళ్ళ గోడలకు వన్నె తెచ్చింది. ఆ బట్టీలకు కూతవేటు దూరంలో ఉండి మనం నూనెరంగుల డబ్బాలు మోసుకొని వస్తున్నాము. మట్టిగోడ తేమను పీల్చుకొని తిరిగి బయటకు విడుస్తుంది. దానిపై సిమెంటు పూత గాని నూనెరంగు గాని వేస్తే ఆ తేమ వెళ్ళే దారి లేక లోపలనే నిలిచి, కొన్నాళ్ళకు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. వెల్ల వేసిన గోడకు ఈ బాధ లేదు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నం మిగులుతుంది. నీటిలో వేస్తే సలసల కాగి విరిసిపోతుంది. గోడకు పూసిన తరువాత గాలిలోని అదే వాయువును తిరిగి గ్రహించి క్రమంగా మళ్ళీ రాయి అవుతుంది. రసాయనశాస్త్ర విద్యార్థులు పరీక్షలో వ్రాసే సమీకరణం వారి ఇంటిగోడపైననే జరుగుతున్నది. కాస్త బంక, చిటికెడు నీలిమందు కలిపి రెండు పూతలు వేసి, క్రింద జానెడు ఎత్తున జాజు పట్టీ తీర్చితే, ఆ గది ముందు ఏ ఖరీదైన రంగూ నిలువదు. విరిసే సున్నం కళ్ళలో పడకుండ మాత్రం జాగ్రత్త వహించాలి.

ఇక కలప. పాత యిల్లు కూల్చినచోట దూలాలు, ద్వారబంధాలు, తలుపు రెక్కలు గుట్టగా పడి ఉంటాయి. కొన్ని అడితికి పోతాయి, కొన్ని పొయ్యిలోనికి పోతాయి. నగిషీ ఉన్నవాటిని మాత్రం బేరగాళ్ళు ఏరుకొని పోతారు. తమిళనాట చెట్టినాడు మేడల స్తంభాలు, తలుపులు కారైకుడి అంగళ్ళలో అమ్ముడుపోయి, ఎక్కడెక్కడి హోటళ్ళకో అలంకారాలైనాయి. ఇంట ఉన్నంతకాలం పాత చెక్క అని ఈసడించినదే హోటలులో కనబడితే కళాఖండమని ఫోటో తీసుకొంటాము!

ఇంగ్లండులో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడి 2007లో కన్నుమూసిన వాస్తుశిల్పి లారీ బేకర్, కూల్చిన యిండ్ల కలపను, తలుపులను ఏరి తెచ్చి కొత్త కట్టడాలలో అమర్చేవాడు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ళ లోపుననే దొరకాలన్న గాంధీజీ మాటను ఆయన తన వృత్తికి ఆధారం చేసుకొన్నాడు. పలనాటిలో అయిదు మైళ్ళు తిరిగి చూడండి: రాయి, సున్నం, ప్రత్తి, వేపచెట్టు, వెదురుతో తడికలల్లే మేదరి, చిత్రిక పట్టే వడ్రంగి. మనకు కొరత వస్తువులది కాదు.

పాత కలపను ఎంచడానికి గొప్ప నేర్పు అవసరం లేదు. చాకుమొనతో గుచ్చి చూడాలి. లోనికి సులువుగా దిగితే చెదలు తిన్నదని అర్థం. పైన చీకిపోయినట్లున్నా లోపల గట్టిగా ఉంటే వదలరాదు. చిత్రిక పట్టడానికి ముందు మేకులన్నీ లాగివేయాలి, లేకుంటే వడ్రంగి పనిముట్టు పాడై కూలికంటె నష్టమెక్కువవుతుంది. ఒక తలుపురెక్కను అడ్డంగా పరచి కాళ్ళు అమర్చితే తఖ్తు. పగలు కూర్చోవడానికి, రాత్రి పడుకోవడానికి. దూలపుముక్కలపై నాపరాతి పలక పెడితే వ్రాతబల్ల. ఒక్క మాట: నాపరాయి కూడ సున్నపురాయి జాతిదే గనుక నిమ్మరసమో చింతపండు పులుసో పడితే మచ్చ పడుతుంది. ఆ బల్లను వంటయింటికి దూరంగా ఉంచండి.

పాత రాయి గనుక దేనినైనా తెచ్చుకోవచ్చునని నేననడం లేదు. ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక చేదు చరిత్ర ఉన్నది. అమరావతి స్తూపాన్ని కప్పిన శిల్పఫలకాలు పలనాటి సున్నపురాతివే. 1797లో కర్నల్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికి దిబ్బను త్రవ్వి రాళ్ళను కొత్త కట్టడాలకు తరలించడం మొదలైంది. 1816లో ఆయన తిరిగి వచ్చేసరికి చాలభాగం మాయమైంది. కొన్ని ఫలకాలు బట్టీలలో కాలి సున్నమైనాయి కూడ. బొమ్మ గాని అక్షరం గాని ఉన్న రాయి పొలంలో దొరికితే అది మన అరుగుకు కాదు, పురావస్తుశాఖకు చెందుతుంది. కూల్చిన యింటి పలకకూ దానికీ గల తేడా చదువుకొన్నవారికి తెలిసి ఉండాలి.

పడక సంగతికి వస్తే నాకు కొంత ఉద్వేగం కలుగుతుంది. మా ప్రాంతంలో దూదేకుల వృత్తివారు విల్లు భుజాన వేసుకొని ఇంటింటికీ వచ్చేవారు. నారి ఒక్కొక్క దెబ్బకు మ్రోగుతుంటే ఉండలు కట్టిన దూది మేఘంలా విడిపోయేది. అణగారిన పాత పరుపును విప్పి, ఆ దూదినే తిరిగి ఏకి, ఎండబెట్టి కుడితే కొత్త పరుపే. నురుగు పరుపుకు ఈ పునర్జన్మ లేదు. ఒకసారి గుంటపడితే పారవేయవలసిందే. విల్లు స్థానంలో యంత్రం వచ్చింది, దానికి నేను విచారించను. దూది ఏకించుకొనేవారే తగ్గడం నన్ను బాధిస్తున్నది. ప్రత్తి పండే నేలమీద ఉండి దూదిపరుపు నామోషీ అనడం విడ్డూరం కాదా? దిండుకు బూరుగుదూది, మంచానికి నవారు, నేలకు తుంగచాప, చలికి అమ్మ పాతచీరలతో కుట్టిన బొంత ఉంటే ఆ గదికి లోటేమున్నది? కొనదలచినవారు వరంగల్లు జంపఖానా కొనండి. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక్కడ భాషాభిమానులకొక చిన్న ముచ్చట. కుర్చీ అరబ్బీ మాట, పరదా పారసీ మాట, అలమార పోర్చుగీసువారి మాట. దిండు గలేబు అరబ్బీ ‘ఘిలాఫ్’కు తెలుగు రూపం. ఉర్దూ తరగతిలో గాని తెలుగు తరగతిలో గాని వీటిని ఎవరూ పరాయివిగా ఎంచరు.

అసలు బాధ వేరే చోట ఉన్నది. పెళ్ళిచూపులనగానే ముందుగదిలో సోఫాసెట్టు ఉండాలని అప్పు చేస్తారు. పెళ్ళి కుదిరితే జహేజు పేరిట మంచం, బీరువా, అద్దాలబల్ల ఇవ్వాలని మరల అప్పు. ఆ మంచం చాలసార్లు రంపపుపొట్టును జిగురుతో అదిమిన పలకే. నీటిచుక్క తగిలితే ఉబ్బుతుంది, మేకు ఊడితే మరల పట్టదు. అప్పు తీరకముందే అది విరుగుతుంది. అదే కుటుంబం తాతలనాటి టేకుమంచాన్ని పాతసామానువానికి తూకానికి వేసి ఉంటుంది! ఆ మంచానికే నవారు మార్చి, చిత్రిక పట్టించి కూతురికిస్తే నవ్వుతారని తల్లి భయపడుతుంది. నవ్వేవారిలో మన విద్యార్థులు ఉండరాదని నేను కోరుతున్నాను. వరుని స్థానంలో ఉన్న విద్యార్థి అయితే, అసలు మంచమే అక్కరలేదని చెప్పగలగాలి.

చివరగా కళాశాల కమిటీవారికొక విన్నపం. ఏ కళాశాల వెనుక వరండాలో చూచినా కాళ్ళు విరిగిన బల్లల గుట్ట ఒకటి కనబడుతుంది. ఏడాదికో రెండేండ్లకో దానిని వేలం వేసి, వచ్చిన కొద్ది సొమ్ముతో కొత్త ఇనుపకుర్చీలు కొనడం వాడుక. ఈసారి వేలానికి ముందు వడ్రంగిని పిలిపించి, పనికివచ్చే పలకలను వేరుచేయించండి. పొడవైన కూర్చుండు పలకలు గ్రంథాలయానికి అరలవుతాయి. అక్కడ ఉర్దూ పుస్తకాలు ఇప్పటికీ అట్టపెట్టెలలో ఉన్నవి. పొట్టి ముక్కలు గోడపత్రిక చట్రానికి చాలు. గరుకుకాగితం రుద్దే పని విద్యార్థులకు అప్పగించవచ్చు, నేనూ వస్తాను. వార్షికోత్సవం ముగిసినవెంటనే మొదలుపెడితే వేసవి సెలవులకు ముందే అరలు నిలబడతాయి. పలకలు వానలో నానకముందే ఈ పని జరగాలి.