బైబిలు పేర్లు, వాటి భావములు: సూసన్న



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు సంఘములలో తరచుగా వినబడే ప్రశ్న ఒకటున్నది. పద్మ అను సహోదరి బాప్తిస్మమునకు సిద్ధపడుతుంది. అంతలో పక్కింటివారో, ఇంట్లో పెద్దలో, "పద్మ అంటే లక్ష్మి పేరు గదా, అది తీసేసి సూసన్న అని పెట్టుకో బిడ్డా" అంటారు. సిరిసిల్లలో పద్మశాలి కుటుంబాలు ఎక్కువ. పద్మ అను పేరు అక్కడ వాడవాడనా వినిపిస్తుంది. కాబట్టి ఇది ఒకరిద్దరి సంగతి కాదు.

ముందు సూసన్న ఎవరో చూతము. లూకా 8:3లో ఒక్కసారే ఈ పేరు కనబడుతుంది. తమకు కలిగిన ఆస్తితో యేసుకును శిష్యులకును ఉపచారము చేసిన స్త్రీలలో ఈమె ఒకతె. పక్కనే యోహన్న పేరున్నది. ఈ రెండూ ఆడవారి పేర్లే. మల్లన్న, రాజన్న అని పిలిచే మన ప్రాంతములో చివర 'అన్న' వినబడితే మగవాని పేరనుకుంటారు. బడిలో చేర్చేటప్పుడు ఈ చిక్కు వస్తుంది.

హెబ్రీలో ఈ మాట షోషన్నా. అది ఒక పువ్వు పేరు. గ్రీకు భాషలో 'ష' శబ్దము లేదు గనుక అక్కడ సూసన్నా అయినది. మన బైబిలుకు ఆ రూపమే వచ్చినది. ఇంగ్లీషువారు సూజన్ అన్నారు. మన ఊళ్లలో సూసమ్మ, సుశన్న, సుజన్న అని రకరకాలుగా పిలుస్తారు. పిలుపు ఏదైనా ఫరవాలేదు గాని, వ్రాసేటప్పుడు మాత్రము సూసన్న అని దీర్ఘముతో, 'స'తో వ్రాయండి.

ఇంతకూ ఆ పువ్వు ఏది? మన తెలుగు బైబిలు తెరచి చూడండి. 45వ కీర్తన పైన రాగము పేరుగా షోషన్నీము అని అలాగే ఉంచారు. అది షోషన్నాకు దగ్గరి మాట, బహువచనము. పరమగీతము 2:1లో అదే షోషన్నాను పద్మము అన్నారు. సొలొమోను కట్టించిన మందిరపు స్తంభముల పనితనము చెప్పేచోట, హోషేయ 14:5లో, తామర పుష్పము అన్నారు. ఇంగ్లీషు బైబిలులో ఇవన్నీ లిల్లీలే. మన అంగట్లో లిల్లీ పూలంటే నేలసంపెంగలు గదా, ఆ మాట పెడితే మనవారికి వేరే పువ్వు తోచేది. పైగా ఈ హెబ్రీ మాట ఐగుప్తు భాషలో తామరకున్న పేరు నుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. కాబట్టి మన అనువాదకుల మాట గురి తప్పలేదు.

తామర, కలువ ఒకటి కావు. కలువ ఆకు నీటిమీద పరచుకొని ఉంటుంది, తామర ఆకు కాడతో నీళ్లపైకి లేస్తుంది. అన్నట్టు తామర అంటే చర్మవ్యాధి కూడా. అందుకేనేమో బిడ్డకు పద్మ అని పెడతారు గాని తామర అని ఎవరూ పెట్టరు.

అనగా పద్మను సూసన్నగా మార్చితే తెలుగు మాటను హెబ్రీలోనికి మార్చినట్టే! కొందరు రెండూ కలిపి పద్మ సూసన్న అని పెట్టుకుంటారు. తప్పేమీ లేదు, ఒకే పువ్వు రెండుసార్లు.

"అయినా అది దేవత పేరు గదా" అనువారికి రోమా పత్రిక 16వ అధ్యాయము చూపిస్తాము. ఫీబే అను పేరు గ్రీకులు తమ చంద్రదేవతకు వాడినది. హెర్మే వారి మరొక దేవుని పేరు. అపొల్లో, ఎపఫ్రొదితు పేర్లు కూడా ఆ దేవతల పేర్ల నుండి వచ్చినవే. పౌలు వారిని ఆ పేర్లతోనే పిలిచాడు, ఆ పేర్లతోనే సంఘములకు వందనములు వ్రాశాడు.

ఇక ఇంటి సంగతి. కోరుట్లలో బీడీలు చేసే సహోదరి పి.ఎఫ్. కార్డులో పద్మ అని ఉండి, ఆధార్‌లో సూసన్న అని ఉంటే ఆమె కష్టార్జితము చేతికి రావడానికి ఎన్నిసార్లు తిరగాలో ఆలోచించండి. పేరు మార్పుకు అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ కావాలి. రోజు కూలి పోగొట్టుకొని తిరిగేది ఆమే గాని, పేరు మార్చమన్న పెద్దలు కారు. మనసారా కొత్త పేరు కోరుకునేవారిని మేము ఆపము. సంఘపు రిజిస్టరులో రెండు పేర్లూ వ్రాయించుకోండి, సర్కారు కాగితాలలో మాత్రము బడి సర్టిఫికెట్టులో ఉన్న పేరే ఉండనివ్వండి. పద్మగానే ఉంటాననే సహోదరిని పద్మగానే బల్లయొద్దకు రానివ్వండి.

వచ్చే నెల ఎస్తేరుకు ఉన్న రెండవ పేరు హదస్సా గురించి, గొంజి చెట్టు గురించి వ్రాస్తాము.